గాడిలో ఇరుక్కున్న బుల్లెట్

కోల్ బ్రాంట్ కాఫీ కప్పు నోటిదాకా ఎత్తాడు. ముందు కప్పు పగిలింది, ఆ వెంటనే అతని తల. తుపాకి మోత వినిపించేసరికే ఏజెంట్ ఇంగ్రిడ్ హాగెన్ మొహం నిండా తన పార్ట్‌నర్ రక్తం.

"డెల్ స్ట్రౌబ్ పనే," అన్నాడు చీఫ్ మెక్‌రే. "ఇరవై ఏళ్ళుగా మోంటానాలో ప్రతి రైఫిల్ పోటీలో కనిపిస్తాడు. ఇప్పుడు విదేశీ ముఠాకి కిరాయి హంతకుడు."

"అయితే పట్టుకోండి."

"ఆధారమేదీ? కోల్‌ని చంపిన రైఫిల్ దొరకలేదు. శనివారం అన్యా వెరెష్‌ని కోర్టుకి తీసుకెళ్తున్నాం. ముఠాని బయటపెట్టగల సాక్షి ఆవిడొక్కతే. కారు వెళ్ళేది రైఫిల్ రేంజ్ పక్కన హైవే మీదే. ఆరోజే అక్కడ పోటీ."

"అన్ని తుపాకులు మోగుతుంటే ఒక గుండు ఎక్కువైనా ఎవడికీ తెలీదన్నమాట."

"అందుకే నువ్వు పోటీలో ఉంటావు. డెల్ పక్క బెంచీలో."

డెల్ ప్రియురాలు రొక్సానా ఏజెన్సీ మనిషే. అంటే, అలాగని జీతం తీసుకుంటోంది. ఎర్ర గౌను, నల్ల కళ్ళద్దాలు. డెల్ సొంతంగా తయారుచేసుకున్న తూటా ఒకటి ఇంగ్రిడ్ చేతిలో పెట్టింది.

"వాడి సంచిలోంచి కొట్టేశా. పనికొస్తుందా?"

"చూద్దాం లే, అందగత్తే."

ఇంగ్రిడ్ కూడా తన తూటాలు తనే తయారుచేసుకునే మనిషి. కాలిపర్‌తో కొలిచింది. మామూలు కంటే పొడుగు. బుల్లెట్ నున్నటి ఒంటి మీద చుట్టూరా సన్నటి నొక్కులు. తూటాని లోపలికి నెట్టే బోల్ట్ మూయగానే బుల్లెట్ బ్యారెల్ లోపలి గాడుల్లోకి దిగబడేలా, కావాలనే పైకి బిగించాడు. గురి కోసం పోటీల వాళ్ళు చేసే పనే ఇది. బుల్లెట్‌ని పట్టుకునే ఇత్తడి కేస్ మెడ కూడా వదులుగా ఉంది.

ఇలాంటి తూటాని పేల్చితే ఇబ్బంది లేదు. పేల్చకుండా వెనక్కి లాగితేనే తంటా.

శనివారం రేంజ్ అదిరిపోతోంది. ఇంగ్రిడ్ బెంచీ మీద వంగగానే పక్కటెముకలకి చల్లగా ఏదో తగిలింది.

"చేతులు బెంచీ మీద పెట్టు, పాపా," అంది రొక్సానా, ఇంగ్రిడ్ పిస్టల్ లాగేసుకుంటూ. "వాళ్ళ జీతం ఎక్కువ. ఏమనుకోకు."

హైవే మలుపులో అన్యా ఉన్న నల్ల కారు కనిపించింది. డెల్ తూటా పెట్టి బోల్ట్ మూశాడు. రైఫిల్ మూతిని టార్గెట్ మీంచి మెల్లగా హైవే వైపు తిప్పాడు.

ఇంగ్రిడ్ గొంతు చించుకుని అరిచింది. "సీజ్ ఫైర్! టార్గెట్ల దగ్గర మనిషి!"

రొక్సానా కాల్చింది. ఇంగ్రిడ్ నడుము పక్క కండ చీలిపోయింది.

రేంజ్‌లో ఆ కేక ఎవరు వేసినా చాలు, బోల్ట్ తెరిచి తూటా తీసేయాల్సిందే. బెంచీలన్నీ ఒక్కసారిగా టకటకమన్నాయి. డెల్ కూడా తెరిచాడు. ఇరవై ఏళ్ళ అలవాటు. బుర్ర కంటే చెయ్యి ముందు కదిలింది.

ఖాళీ కేస్ బయటికొచ్చింది. బుల్లెట్ గాడుల్లోనే ఉండిపోయింది. తుపాకి మందంతా జలజలా రైఫిల్ లోపల ఒలికిపోయింది.

"నీయమ్మ!" డెల్ ఇంకో తూటా కుక్కాడు. ముందున్న బుల్లెట్ అడ్డం. బోల్ట్ మూసుకోలేదు.

ఇంగ్రిడ్ మోచెయ్యి రొక్సానా గొంతులో దిగింది. మణికట్టు విరిగిన చప్పుడైంది. పిస్టల్ కింద పడింది. డెల్ రైఫిల్ మడమతో ఇంగ్రిడ్ దవడ పగలగొట్టి, ఇరుక్కున్న బుల్లెట్‌ని పొడిచి తీయడానికి క్లీనింగ్ రాడ్ కోసం చెయ్యి చాచాడు. రాడ్ ముందు ఇంగ్రిడ్‌కే దొరికింది. అతని అరచేతిలోంచి దింపి బెంచీ చెక్కకి గుచ్చేసింది.

"ఇది కోల్ కోసం," అంది, రక్తం ఉమ్మేస్తూ.

డెల్ కేకలు పెడుతుండగానే నల్ల కారు హైవే మీద సాఫీగా దాటిపోయింది.

రేంజ్ ఆఫీసర్ రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. ముసలాయన. రక్తం చూశాడు, రాడ్ చూశాడు, టోపీ సర్దుకున్నాడు.

"సీజ్ ఫైర్ అన్నది ఎవరు? టార్గెట్ల దగ్గర పురుగు కూడా లేదే!"

"నేనే."

"తప్పుడు కేక వేస్తే పోటీలోంచి ఔట్ అమ్మా. రూల్ రూలే."

"పర్లేదు పెద్దాయనా," అంది ఇంగ్రిడ్, ఊడిన పన్ను జేబులో వేసుకుంటూ. "నా స్కోరు ఎలాగూ చెప్పుకునేలా లేదు."