పని చేయనందుకు జీతం

పెద్దాయన పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. ఎక్కడికో వెళ్ళడానికి కాదు. నాలుగేళ్ళుగా ఆయన చేస్తున్న ఉద్యోగమే అది, కూర్చోవడం.

నేత మిల్లులో ఫిట్టరుగా ఉన్న ఆయన్ను యాజమాన్యం తీసేసింది. తీసేయడం తప్పని, తిరిగి పనిలో పెట్టుకోవాలని కార్మిక కోర్టు తీర్పిచ్చింది. మిల్లు పైకోర్టుకెక్కింది. అక్కడ తేలేదాకా పాత జీతం నెలనెలా ఇవ్వాల్సిందే. కాకపోతే ఆయన మరెక్కడా పనిచేసి సంపాదించకూడదు. సంపాదించడం లేదని ప్రమాణం చేసి సంతకం పెట్టాడు. పనిమంతుణ్ణి చేతులు ముడుచుకుని కూర్చోబెట్టి, అందుకు జీతమట. విడ్డూరం కాకపోతే ఏమిటి? కానీ ఆ జీతం రాకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆ పూట కొడుకు లాయరు దగ్గర్నుంచి అగ్గిమీద గుగ్గిలంలా వచ్చి ఒక ఫొటో తండ్రి ఒళ్ళో పడేశాడు. అందులో కోడలి కుట్టుమెషిను మీదికి వంగి, స్క్రూడ్రైవర్ పట్టుకుని ఉన్నాడు పెద్దాయన.

"మొన్న ప్యాంటు జిప్పు వేయించుకోడానికి ఒకడొచ్చాడే, వాడు మిల్లు మనిషట. రిపేర్లు చేసి సంపాదిస్తున్నావని కోర్టులో వేశారు. ఈ నెల జీతం ఆపేశారు. దొంగ ప్రమాణం చేశావని జడ్జి నమ్మితే నీ ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే."

"ఇంట్లో మెషిను ఆగితే చూశాను. పైసా ముట్టలేదురా."

"వారం వారం ఎందుకు ఆగుతుంది ఆ దరిద్రపు మెషిను?" కొడుకు భార్య మీదికి తిరిగాడు. "బయటివాళ్ళవి తెచ్చి చేయిస్తున్నావా? మా నాన్నని కోర్టులో దొంగను చేశావు కదే."

కోడలి మొహం పాలిపోయింది. "బయటివి ఒక్కటీ తేలేదు. ఆ మెషిను ఎప్పుడూ ఆగలేదండీ. నేనే ఆపేదాన్ని. బాబిన్ కేసు స్క్రూ వదులు చేసి, కుట్టు జారుతోంది మామయ్యగారూ అని పిలిచేదాన్ని."

"నీకేమైనా పిచ్చా?"

"అత్తయ్య పోయాక ఆయన పొద్దస్తమానం తన చేతులే చూసుకుంటూ కూర్చునేవారు. వణుకు మొదలైంది. గ్లాసు కూడా నిలిచేది కాదు. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే మాత్రం వణికేవి కావు. ఇంకేం చెయ్యను నేను?" ఆమె కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది. "మిమ్మల్ని నిలువునా ముంచేశాను మామయ్యగారూ."

పెద్దాయన ఫొటోను పక్కన పెట్టాడు.

"నాకు తెలుసమ్మా," అన్నాడు. "ముప్ఫై ఏళ్ళు మెషిన్లతో బతికినవాణ్ణి. స్క్రూ దానంతటది వదులైందో, ఎవరైనా వదులు చేశారో తెలీదా? మొదటి వారమే పోల్చుకున్నా."

"మరి అడగలేదేం?"

"అడిగితే మానేస్తావని."

కొడుకు గడప మీద కూలబడ్డాడు. కోపమంతా ఎటు పోయిందో తెలీలేదు. భార్యను అన్న మాట ముల్లులా గుచ్చుకుంటోంది. "ఫొటోలో ఉన్నది నువ్వు కాదని చెప్పమంటున్నాడు లాయరు," అన్నాడు నీరసంగా.

"నేనేరా. ఉన్నదున్నట్టు చెబుదాం."

"నేనూ వస్తాను. స్క్రూ వదులు చేసింది నేనని చెబుతాను," అంది కోడలు.

"నమ్ముతారా?" అన్నాడు కొడుకు.

వాయిదా దాకా ఏ పనిముట్టూ ముట్టొద్దని లాయరు చెప్పాడని కొడుకు మెల్లగా అన్నాడు. పెద్దాయన జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి కోడలి చేతిలో పెట్టాడు.

మూడో రోజు మెషిను నిజంగానే ఆగింది. కోడలు దాన్ని ఈడ్చుకొచ్చి ఆయన కుర్చీ ఎదుట పెట్టింది. కొడుకు వచ్చి, ఆమె పక్కన చతికిలబడి మెషినును పట్టుకున్నాడు.

"ఎడమవైపు స్క్రూ," అన్నాడు పెద్దాయన. "అర చుట్టు తిప్పు. ఇంకాస్త. చాలు."

చేతులు రెండూ తొడల కింద నొక్కిపెట్టుకుని కూర్చున్నాడు. అయినా కుర్చీ కిర్రుకిర్రుమంటూనే ఉంది. కోడలు తలెత్తలేదు. కళ్ళు మసకబారినా, ఆయన చెప్పినంత మేరకే స్క్రూ తిప్పింది.