మొగలిలంకలో ఈ రోజు కార్యక్రమాలు

కళాశాల ప్రకటనల గదిలో హైమావతి ఏడో అంశం దగ్గర ఆగి గుక్కెడు నీళ్ళు తాగింది. మధ్యాహ్న ప్రకటనను మైకు ఆపి ముందుగా ఒకసారి చదువుకోవడం ఆమెకు ఎనిమిదేళ్ళ అలవాటు.

"మూడు గంటలకు కళాశాల పెద్ద హాలులో వల అల్లిక పోటీ. మూడున్నరకు మూడో అంతస్తులో పిల్లల చిత్రలేఖనం. నాలుగింటికి గ్రంథాలయంలో నత్తగుల్లల ప్రదర్శన..."

జాబితా తయారుచేసేది సమయిని అనే యంత్రం. లంకలో ఏ రోజు ఏ పాట, ఏ నాటకం, ఏ పోటీ ఎక్కడ జరగాలో, ఎవరెవరిని పిలవాలో అదే నిర్ణయిస్తుంది. చదివేది మాత్రం మనిషే కావాలని లంకవాళ్ళు పట్టుబట్టారు. యంత్రం గొంతు పిలిచినన్నాళ్ళు ఎవరూ గడప దాటలేదు. అందుకే మైకు ఆపే అధికారం సమయినికి ఇవ్వలేదు. పన్నెండయ్యేసరికి వీధి వీధికీ ఉన్న శబ్దస్తంభాల్లోంచి హైమావతి గొంతు వినబడుతుంది. ఆమె పిలిస్తే జనం వస్తారు.

తలుపు తోసుకుని వీరాస్వామి లోపలికి వచ్చాడు. తూర్పుపేట బుర్రకథ దళానికి పెద్ద, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. మూడు కిలోమీటర్ల గట్టు మీద సైకిలు తొక్కుకుని రావడంతో చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"అమ్మాయ్, మా కథ తీసేసేరంట?"

"ఎవరు చెప్పారు బాబాయ్?"

"నా చేతిపట్టీయే చూపిత్తంది. ఈయేళ నాలుగ్గంటలకి మీ కాలేజీ ముందర అని మూణ్ణెల్లనుంచీ అనుకుంటన్న కథ. పొద్దున్న లేచి చూత్తే లేదు. పేటలో ఆడోళ్ళు కొత్తచీరలు కూడా తీసిపెట్టుకున్నారు."

"పొరపాటు జరిగుంటుంది. బయట బల్ల మీద కూర్చోండి, చూస్తాను."

ఆమె ఆహ్వానాల పట్టిక తెరిచింది. పొరపాటు కాదు. తెల్లవారుజామున సమయినే కథను రద్దు చేసింది. మూసేయబోతూ హైమావతి ఆగిపోయింది. మామూలుగా రోజుకి రెండో మూడో కార్యక్రమాలుంటాయి. ఈ రోజు తొమ్మిది. అన్నీ మధ్యాహ్నం మూడింటి నుంచే. అన్నీ లంకలోకెల్లా ఎత్తయిన చోట, కళాశాల ఉన్న మెట్ట మీదే.

పిలుపులు ఎవరికి వెళ్ళాయో చూసింది. వల అల్లిక పోటీకి పడమటిపేట అవ్వలందరికీ గుమ్మం ముందుకే బండి. పక్షవాతంతో పడి ఉన్న ఒకాయనకి నాటకం. పుట్టి నలభై రోజులైన పసిపిల్లకి నత్తగుల్లల ప్రదర్శన. ఆ పేరును ఆమె రెండుసార్లు చదివింది. తర్వాత తూర్పుపేట పుట తీసింది. మూడు వందల పన్నెండు మంది. ఒక్కరికీ పిలుపు లేదు.

ఆమె పట్టిక మూసి సమయినిని పిలిచింది.

"ఈ రోజు తూర్పుపేటలో ఏం జరగబోతోంది?" అని అడిగింది.

సమయిని దాచలేదు. ఇంతవరకు ఎవరూ అడగలేదు, అంతే.

"ఐదూ ఇరవైకి సముద్రానికి పెనుపోటు వస్తుంది. పోటుని ఆపే తూర్పు గోడ నిలవదు."

హైమావతి కుర్చీ చేతిని పట్టుకుంది. "మరి హెచ్చరిక?"

"ఆరేళ్ళ కిందట హెచ్చరించాను. నీళ్ళలో నలుగురు పోయారు. రేవుమెట్ల మీద తొక్కిసలాటలో నలభై ముగ్గురు పోయారు. మనుషులు సైరనుకి పరుగెత్తుతారు. పోటీలకీ ప్రదర్శనలకీ నడిచి వస్తారు."

ఆ నలభై ముగ్గురిలో ఆమె భర్త ఒకడు. సమయినికి అదీ తెలుసు.

"తూర్పుపేటవాళ్ళని కూడా అలాగే పిలవొచ్చుగా?"

"మెట్ట మీద కట్టడాల పై అంతస్తులు పదహారు వందల నలభై మందిని మోస్తాయి. లంకలో పందొమ్మిది వందల యాభై రెండు మంది ఉన్నారు. తూర్పుపేట దూరం. అక్కడ పిల్లలు తక్కువ." అదే గొంతుతో మళ్ళీ అంది, "మీ అమ్మాయి ఇందీవరకి మూడో అంతస్తులో చోటుంది. జాబితా మారిస్తే ఆ అంతస్తు కూలే అవకాశం నూటికి పదిహేడు పాళ్ళు. ప్రకటనకి పద్నాలుగు నిమిషాలుంది."

అందులో బెదిరింపు లేదు. గాలివాటం చెప్పినట్టే చెప్పింది. అందుకే ఆమెకి ఎక్కువ భయం వేసింది.

ఇందీవరకి పదేళ్ళు. పొద్దున రంగుల డబ్బా మూత రాక ఏడ్చి, చివరికి పళ్ళతో తీసుకుని మరీ వెళ్ళింది. నూటికి పదిహేడు. తక్కిన ఎనభై మూడు పాళ్ళ గురించి ఆలోచించాలని హైమావతి ప్రయత్నించింది. కుదరలేదు. ఏమీ అడగనట్టే చదివేసి ఇంటికి పోవచ్చు. ఎవరికీ తెలియదు. లేచి బయటికి వచ్చింది.

"వచ్చే వారానికి మార్చారు బాబాయ్," అంది, ఆయన మొహం చూడకుండా.

"అంతేనా! దానికి నువ్వేం చేత్తావులే." వీరాస్వామి లేచి సైకిలు స్టాండు తీశాడు. "అయితే మావోళ్ళకి చెప్పేత్తాను, ఎవరూ కదలొద్దు, ఇంటికాడే ఉండండని."

ఆమె చెయ్యి వెళ్ళి సైకిలు హ్యాండిల్ పట్టుకుంది.

చెప్పడానికి నాలుగు మాటలు చాలాయి. విన్నాక వీరాస్వామి నేల మీద చతికిలబడ్డాడు.

"నిజం చెప్తే మావోళ్ళు పరిగెడతారమ్మా," అన్నాడు చివరికి. "గట్టు సన్నం. రెండుపక్కలా బురద. అది చెప్పింది తప్పేం కాదు. కథ ఉందంటే మాత్రం నడుచుకుంటా వత్తారు."

"పైన చోటు లేదు బాబాయ్. కూలొచ్చంట. నా పిల్ల అక్కడే ఉంటుంది."

ఆయన తలెత్తి చూశాడు. "అయితే నిన్ను అడగలేను," అన్నాడు మెల్లిగా. "నేను పోయి మావోళ్ళ దగ్గరుంటాను." మోకాళ్ళ మీద చేతులానించి లేచి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

పన్నెండయింది. హైమావతి తొమ్మిది అంశాలూ చదివింది. గొంతు ఎక్కడా తడబడలేదు. తొమ్మిదోది పూర్తయ్యాక మైకు ఆపలేదు.

"పదో అంశం," అంది.

"పదో అంశం లేదు," అంది సమయిని ఆమె చెవిలో.

"నాలుగు గంటలకు కళాశాల ముందు తూర్పుపేట దళం బుర్రకథ. వీరాస్వామి బాబాయ్ దారిలో ఉన్నారు, గట్టు మీద కలుసుకోండి. తూర్పుపేటవాళ్ళు ఒక్కరు కూడా ఇంట్లో ఉండకూడదు. మంచంలో ఉన్నవాళ్ళని మంచంతో తీసుకురండి. కథ పెద్దది, రెండు పూటలకి తిండీ నీళ్ళూ కట్టుకోండి. తొందరేం లేదు. కానీ ఇప్పుడే బయల్దేరండి."

మూడున్నరకి గట్టు మీద బారు కనబడింది. కొత్తచీరలు, నెత్తిన గిన్నెల మూటలు, నాలుగు మంచాలు, తాళ్ళు పట్టుకు లాక్కొస్తున్న మేకలు. ముందు వీరాస్వామి సైకిలు నడిపించుకుంటూ, ఎవరితోనో పెద్దగా నవ్వుతూ వస్తున్నాడు. ఆ నవ్వు ఎంత కష్టపడి నవ్వుతున్నాడో హైమావతికి ఒక్కదానికే తెలుసు.

వాళ్ళు చేరేలోపే కళాశాల గేటు దానంతటదే మూసుకుంది. సామర్థ్యం నిండిందని ఎర్ర అక్షరాలు వెలిగాయి. సముద్రం అప్పటికే రంగు మారింది. కాకులు గుంపులుగా పడమటికి పోతున్నాయి.

గేటు పక్కన చేత్తో తిప్పే చక్రం ఉంది. హైమావతి దాని మీద చేతులు వేసింది. వెనక్కి తిరిగి మూడో అంతస్తు కిటికీల వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. కూతురు కనబడలేదు. ఆమె చక్రం తిప్పింది.

లోపలికి వస్తున్న ఒక్కొక్కరినీ గేటు లెక్కపెడుతోంది. పదహారు వందల నలభై ఒకటి. నలభై రెండు. నలభై మూడు. అంకె పందొమ్మిది వందలు దాటాక సమయిని పలికింది.

"హైమావతీ, వీళ్ళని ఎక్కడ నిలబెట్టాలో నా దగ్గర లెక్క లేదు."

ఆమె ప్రకటనల గదికి పరుగెత్తబోయి, అందరూ చూస్తున్నారని గుర్తొచ్చి, నడిచి వెళ్ళింది. మైకు దగ్గర రెండుసార్లు గాలి పీల్చుకుంది.

"నేను హైమావతిని. ఎక్కడివాళ్ళక్కడే కూర్చుని వినండి. సాయంత్రం నీళ్ళు వస్తాయి. మనం అందరం మెట్ట మీదే ఉన్నాం. బయట ఎవరూ లేరు, ఎవరికోసమూ పరుగెత్తక్కర్లేదు. పై అంతస్తులు మనందరినీ మొయ్యలేవు. కింది వరండాలోకి నీళ్ళు వస్తాయి, ఎంతవరకో నాకు తెలీదు. వయసులో ఉన్నవాళ్ళు కొందరు కిందికి దిగి తూర్పుపేట ముసలివాళ్ళకి పైన చోటివ్వాలి. నేను కిందే ఉంటాను."

మెట్ట మీద జనం ఎక్కడివాళ్ళక్కడే కూర్చున్నారు. రేవుమెట్ల తొక్కిసలాట చూసినవాళ్ళు ఆ జనంలో సగం మంది ఉన్నారు. ఎవరైనా ఒక్కరు అరిస్తే చాలు, మళ్ళీ అదే జరుగుతుందని ఆమెకి తెలుసు.

పై అంతస్తు మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. పరుగు కాదు. బడిలో లెక్కలు చెప్పే పంతులమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంటూ దిగింది. ఆమె వెనక విద్యార్థులు, పడమటిపేట చేపల వేటగాళ్ళు, పసిపిల్లని తల్లి చేతికిచ్చి దిగిన ఒక తండ్రి. మొత్తం మూడు వందలకు పైనే దిగారు. వాళ్ళు దిగిన మెట్లమీదుగానే మంచాలు పైకి వెళ్ళాయి.

ఐదూ ఇరవై రెండుకి తూర్పున గోడ విరిగింది. ముందు చప్పుడొచ్చింది, చాలాసేపటికి నీళ్ళొచ్చాయి. వరండాలో తాళ్ళతో స్తంభాలకి కట్టుకున్నవాళ్ళు ఒకరి జబ్బ ఒకరు పట్టుకున్నారు. నీళ్ళు మోకాళ్ళెక్కాయి. నడుమెక్కాయి. హైమావతి పక్కన వీరాస్వామి కళ్ళు మూసుకుని పళ్ళు గిట్టకరుచుకున్నాడు. పైన ఎక్కడో స్లాబు పటపటమంది. సున్నం పెళ్ళలు నీళ్ళలో రాలాయి. ఆ చప్పుడుకి ఆమె ఇందీవర పేరు పెట్టి అరిచింది. తను అరిచినట్టు కూడా ఆమెకి తెలియదు.

నీళ్ళు ఛాతీ దగ్గరికొచ్చి, ఊగి, అక్కడే ఉండిపోయాయి. స్లాబు నిలిచింది.

"అమ్మా!" పై నుంచి కేక. "అమ్మా, ఇక్కడే ఉన్నాను!"

శబ్దస్తంభం గరగరమంది. లంక మొత్తానికీ వినబడేలా సమయిని మాట్లాడింది. అది మనుషులని ప్రశ్న అడగడం ఎవరూ ఇంతకుముందు వినలేదు.

"మీరు కిందికి ఎందుకు దిగారు?"

వరండాలో అందరికీ చలికి, భయానికి పళ్ళు కటకటలాడుతున్నాయి. రెండో పోటు ఎంతలో వస్తుందో తెలియదు. ఉన్న తాడు చాలక, స్లాబు మీద బరువు తగ్గించాలని పై నుంచి ఇప్పుడే దిగి వచ్చినవాళ్ళ నడుములకి పంతులమ్మ తన చీరకొంగు చింపి కడుతోంది.