తొమ్మిదో రోజు సూర్యుడు

"మచ్చ ఏదండీ?"

స్టూడియో కౌంటర్ మీద ఫోటో పరిచి ఆమె అడిగిన మొదటి మాట అదే.

కౌంటర్ వెనకున్న కుర్రాడు ఆమె ముఖం వంక చూశాడు. ఫోటో వంక చూశాడు. మళ్లీ ముఖం వంక చూశాడు. ఆ రెండో చూపు అవసరమైన దానికంటే ఒక్క క్షణం ఎక్కువే నిలిచింది.

"ఏ మచ్చండీ?"

"సూర్యుడి మీద మచ్చ. ఇక్కడ, మధ్యకి కొంచెం కుడిపక్కన, మిరియం గింజంత ఉండాలి. దాని వెనక ఆవగింజల్లా రెండు పిల్లమచ్చలు."

"ఓ, అదా!" అతని ముఖం వెలిగిపోయింది. "తీసేశానండీ. మహా మొండి మచ్చ. చుట్టూ బూడిదరంగు అంచు కూడా ఉంది. ఇరవై నిమిషాలు పట్టింది. ఇప్పుడు చూడండి, కడిగిన ముత్యంలా ఎలా ఉన్నాడో!"

"తీయమని మీకెవరు చెప్పారు?"

"చెప్పక్కర్లేదండీ. మా దగ్గర అది ఫ్రీ."

ఆ స్టూడియో పద్ధతే అంత. యజమాని అతనికి సొంత మేనమామ. 'మచ్చ ఉంచి పంపం' అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించుకున్న మనిషి. పాస్‌పోర్టు ఫోటో అయినా, పెళ్లి ఆల్బమ్ అయినా మొటిమలూ, పులిపిర్లూ, చిన్నప్పటి దెబ్బలూ మేనల్లుడి చేతిలో పడి మాయమైపోవాల్సిందే. వీధిలో అందరూ అతన్ని మచ్చల డాక్టరనే పిలుస్తారు. ఒకసారి ఒక పెద్దాయన పుట్టుమచ్చ తీసేస్తే, ఇది మీ ఫోటో కాదని ఆఫీసువాళ్లు ఆయన్ని తిప్పి పంపారు. అయినా మామకీ బుద్ధి రాలేదు, అల్లుడికీ రాలేదు.

ఆమెది వేరే లోకం. బడిలో ల్యాబ్ అసిస్టెంట్. పదిమందిలో నోరెత్తని పిల్ల. కానీ మధ్యాహ్నం గంట కొట్టగానే చిన్న టెలిస్కోపు చంకలో పెట్టుకుని మేడెక్కేస్తుంది. దాని ముందు నల్లటి ఫిల్టర్ బిగించి సూర్యుణ్ణి ఫోటో తీస్తుంది. అందుకే పిల్లలు ఆమెకి ఎండక్కయ్య అని పేరు పెట్టారు.

లైబ్రరీ హాల్లో శనివారం ఫోటోల ప్రదర్శన మొదలవుతుంది. ప్రకృతి, ఆకాశం, సైన్సు, ఏదైనా పెట్టొచ్చు. ఆమె ఒక మచ్చను పట్టుకుంది. అది సూర్యుడి ఎడమ అంచున పుట్టిన రోజు నుంచి కుడి అంచున మాయమయ్యే రోజు వరకు రోజుకొకటి, మొత్తం పదమూడు ఫోటోలు. వరసగా పెడితే సూర్యుడు తన చుట్టూ తాను తిరగడం ఎవరికైనా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఇవాళ సోమవారం, తొమ్మిదో రోజు. పొద్దుటి నుంచి ఒకటే మబ్బు. మేడ మీద రెండు గంటలు కాపు కాస్తే రెండంటే రెండు నిమిషాలు ఎండ కాసింది. ఒక్క ఫోటో దొరికింది. మొదటి ఎనిమిదీ ఇంట్లో కంప్యూటర్‌కి ఎక్కించేసింది, కార్డులో ఉన్నది ఇదొక్కటే. సైజు ఎలా ఉంటుందో చూద్దామని దారిలో ఈ స్టూడియోలో కెమెరా కార్డిచ్చి ప్రింట్ తీయమంది. అదీ జరిగింది.

"సరే, నా కార్డు నాకిచ్చేయండి. అసలు ఫోటో దాంట్లో ఉంటుంది."

మచ్చల డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "అంటే... దాని మీదే సేవ్ చేశానండీ."

"ఆ?"

"తర్వాత కార్డంతా ఖాళీ చేసి, మా స్టూడియో ప్రకటనలు నింపాం. అందరికీ అలాగే నింపి ఇస్తాం. మా మామయ్య ఐడియా."

ఆమె కౌంటర్ మీదికి వంగింది. మాట్లాడినప్పుడు ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.

"ఆ మచ్చలో మన భూమిలాంటివి మూడు పడతాయి. మీరు తుడిచేసింది మూడు భూముల్ని. తెలుసా?"

"ఇరవై నిమిషాల్లోనా?" అని నోరు జారాడు. వెంటనే నాలుక కరుచుకున్నాడు.

ఆమె కార్డు లాక్కుని వీధిలోకి దిగింది. అప్పటిదాకా ఎక్కడ దాక్కుందో గానీ, వాన సరిగ్గా అప్పుడే అందుకుంది. వెనక నుంచి అతను గొడుగుతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏవండీ, గొడుగైనా తీసుకోండి!"

"వద్దు. మీరిచ్చింది ఏది తెరిచినా లోపల ప్రకటనలే ఉంటాయి."

ఆమె వానలోనే తడుస్తూ వెళ్లిపోయింది. అతను మూసి ఉన్న గొడుగు చేతిలో పట్టుకుని, తనూ తడుస్తూ అక్కడే నిలబడిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె మేడెక్కేసరికి మచ్చల డాక్టరు అక్కడున్నాడు.

"లోపలికి ఎవరు రానిచ్చారు?"

"హెడ్‌మాస్టరు గారు. ఆయన ముక్కు మీది గాటు నేనే తీశాను." ఆమె నవ్వదని తెలిసి గబగబా అన్నాడు. "క్షమించమని అడగడానికి రాలేదండీ. అలా అడిగితే మీరు ఒక్క మాటతో పంపేస్తారు. ఏదైనా పని చెప్పండి."

ఆమె ఒక నల్ల గుడ్డ అతని చేతికిచ్చింది. కెమెరా తెర మీద ఎండ పడకుండా దాన్ని పట్టుకుని ఉండాలి. పది నిమిషాలకే అతని చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. కదల్లేదు. ఫోటో తీశాక ఆమెకే జాలేసి, "రండి, చూడండి" అంది.

అతను ఒంటికన్నుతో గొట్టంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. నారింజరంగు పళ్లెం మీద నల్లటి మచ్చ, వెనక రెండు పిల్లలు.

"నిన్న దీన్ని చూసి లెన్సు మీద దుమ్మనుకున్నాను."

"ఇవాళ?"

"ఇవాళ నేనే దుమ్ములా ఉన్నాను."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుంది. ఆపుకున్నదని అతనికి తెలిసిపోయింది. బుధవారం అతను మళ్లీ వచ్చాడు. గురువారమూ వచ్చాడు. అప్పటికి మీరు నువ్వయింది.

"అక్కయ్యా, గుడ్డ పట్టుకునే ఆయన ఎవరు?" అని పిల్లలు మెట్ల మీద నుంచి అరిచేవాళ్లు.

"స్టాండు!" అని ఆమె అరిచేది.

"నడిచే స్టాండు, మాట్లాడే స్టాండు," అని అతను అందుకునేవాడు. "తిండి కూడా అక్కర్లేదు. అప్పుడప్పుడు ఇటు చూస్తే చాలు."

"స్టాండు వంక ఎవరైనా చూస్తారా? కెమెరా వంక చూస్తారు గానీ."

"అదే నా బాధ."

ఇంట్లో అమ్మ కనిపెట్టేసింది. "ఎండలో నిలబడ్డానికి కూడా తల దువ్వుకుని వెళ్తున్నావేంటే?" అని అడిగింది. "గాలికి చెదురుతోంది" అని ఆమె చెప్పిన జవాబు ఆమెకే అతకలేదు.

గురువారం సాయంత్రం ఇద్దరూ లైబ్రరీ హాలుకు వెళ్లారు. మంచు పలుకు, చీమ కన్ను, పాలచుక్క చిందినప్పటి కిరీటం, చెట్టు మీద విరిగిపడుతున్న మెరుపు, అన్నీ నిలువెత్తు ఫోటోలుగా గోడలెక్కుతున్నాయి. ప్రదర్శన చూసుకునే ఇన్‌ఛార్జి మేడం ఆమె కాగితం మీద గీసుకొచ్చిన పదమూడు గళ్ల వరస చూసి తొమ్మిదో గడి దగ్గర ఆగింది.

"ఇది ఖాళీగా ఉందేంటమ్మా?"

"ఆ రోజు ఫోటో పోయింది మేడం."

"అయితే పన్నెండే దగ్గరదగ్గరగా పెట్టెయ్."

"కుదరదు మేడం. తొమ్మిదో రోజు సూర్యుడు సెలవు పెట్టలేదు కదా."

మేడం కళ్లజోడు పైకి తోసుకుంది. "నోరు లేదన్నారే నీకు! చూడమ్మా, ఖాళీ ఫ్రేము పెడితే జనం నవ్వుతారు. శనివారం పొద్దుటికి అది నిండాలి. లేదంటే ఈ గోడ స్టూడియో ఆయన సూర్యాస్తమయం ఫోటోకి ఇచ్చేస్తాను. ఆయన రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు."

బయటికి రాగానే మచ్చల డాక్టరు ఉత్సాహంగా అన్నాడు. "దీనికింత దిగులెందుకు? నేనున్నాగా! ఎనిమిదో రోజుదీ పదో రోజుదీ ఉన్నాయి. రెండింటికీ మధ్య కొలిచి ఆ మచ్చ వేసేస్తాను. నువ్వు కూడా పట్టలేవు."

"పట్టలేను. అందుకే వద్దు."

"అదేంటి?"

"ఆ రోజు మచ్చ ఎంత పెరిగిందో నీకు తెలుసా? పిల్లమచ్చ ఎంత దూరం జరిగిందో తెలుసా? నాకూ తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు గోడకెక్కిస్తే, మిగతా పన్నెండింటినీ ఎవరు నమ్మాలి?"

"గోడ పోతుంది!"

"పోనీ."

"పాడు చేసింది నేను. బాగు చేయనివ్వవా?"

"ఇది బాగు చేయడం కాదు. ఇంకోసారి తుడవడం."

అతని ముఖం మాడిపోయింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. శుక్రవారం మేడ మీదికి రాలేదు. పదమూడో ఫోటోకి నల్ల గుడ్డ ఆమె ఒంటిచేత్తో పట్టుకుంది, పళ్లతో ఒక కొస కరిచిపట్టుకుని. గాలికి గుడ్డ ఎగిరెగిరి ముఖం మీద కొట్టింది. కళ్లలో నీళ్లు వచ్చింది దానికే అని తనకు తాను చెప్పుకుంది. ఫోటోలన్నీ వేరే వీధిలో ప్రింట్ చేయించింది.

శనివారం పొద్దున హాల్లో పన్నెండు ఫోటోలూ తగిలించి, తొమ్మిదోదాని ముందు నిలబడి ఉండగా స్టూడియో యజమాని వచ్చాడు. చంకలో సూర్యాస్తమయం. చేతిలో బ్రౌన్ కాగితం చుట్టిన అట్ట.

"మా వాడు రాత్రికి రాత్రి తయారుచేశాడమ్మా నీ తొమ్మిదో ఫోటో. నీకే ఇమ్మన్నాడు. వాడి చెయ్యి పడితే ఇక మచ్చే ఉండదు, చూస్కో!"

ఆమెకి ఒళ్లు మండిపోయింది. అంత చెప్పినా వేశాడన్నమాట. అక్కడే, ఆయన ముందే ముక్కలు చేసి పారేద్దామని కాగితం పర్రున చింపింది.

లోపల సూర్యుడు. మచ్చ లేని సూర్యుడు. సోమవారం కౌంటర్ మీద పరిచిన ఫోటోనే, పెద్దది చేశాడు. కింద ఒక కాగితం, నల్ల సిరాతో చేత్తో రాసింది.

'ఈ సూర్యుడి మీద ఆ రోజు మచ్చ ఉంది. ఫోటో తీసినామె మబ్బు కింద రెండు గంటలు నిలబడి దాన్ని పట్టుకుంది. నేను దుమ్మనుకుని తుడిచేశాను. మళ్లీ వేయడం నాకొచ్చు. ఎవరూ పట్టలేరు. ఆమె వద్దంది. గోడ పోయినా సరే అంది. ఆమె మాటే సరి. మిగతా పన్నెండూ నిజం. ఇదొక్కటి నా తప్పు. ఇలా వీధిలోవాళ్లవి ఎన్ని తుడిచానో లెక్క లేదు. పెట్టాలో వద్దో ఆమె ఇష్టం. ఇట్లు, మచ్చల డాక్టరు.'

ఆమె రెండుసార్లు చదివింది. తర్వాత స్టూలెక్కి ఫోటోని ఫ్రేములో బిగించింది. కాగితాన్ని దాని కిందే అంటించింది.

యజమాని కళ్లజోడు పెట్టుకుని చదివాడు. మెడ మీది నరాలు పొంగాయి. "ఏంటిది? నా స్టూడియో పరువేం కావాలి? మేడం, తీయించండి దీన్ని!"

మేడం వచ్చింది, చదివింది, ఇబ్బందిగా ఇటూ అటూ చూసింది. "అమ్మాయ్, గొడవెందుకు... ఆ కాగితం ఒక్కటీ తీసేస్తే..."

పదిమందిలో నోరెత్తని పిల్ల వెళ్లి ఫ్రేముకు అడ్డంగా నిలబడింది.

"నిండాలన్నారు, నిండింది. కాగితం తీస్తే ఈ ఫోటో అబద్ధం. ఉంటే నిజం. తీయాలంటే పదమూడూ తీసేయండి. బడి గోడకి పెట్టుకుంటాను. రేపు నేను చెప్పేది మా పిల్లలు నమ్మాలి."

"ఎంత పొగరు!" అన్నాడు యజమాని.

"అవునండీ," అంది ఆమె.

మేడం చాలాసేపు ఆమెను చూసింది. ఆ తర్వాత యజమాని చంకలోని సూర్యాస్తమయాన్ని చూసింది. "మీది వరండాలో పెడదాం లెండి. గాలి బాగా వస్తుంది," అంది.

తలుపులు తీశాక జనం వచ్చారు. మొదట అందరూ మెరుపు దగ్గర ఆగారు, చీమ కన్ను దగ్గర ముక్కున వేలేసుకున్నారు. తర్వాత తొమ్మిదో సూర్యుడి దగ్గర కాగితం చదివి, వెనక్కి వెళ్లి మొదటి ఫోటో నుంచి ఒక్కొక్కటే వేలు పెట్టి చూసుకుంటూ వచ్చారు. "ఇదిగో ఇక్కడుంది! ఇక్కడికి జరిగింది!" ఒక బామ్మ హాలంతా వినపడేలా అడిగింది. "ఏడీ ఆ డాక్టరు? నా గడ్డం మీది పులిపిరి ఎక్కడ పెట్టాడో అడగాలి."

డాక్టరు బయట మెట్ల మీద ఉన్నాడు. ఆమె వెళ్లి పక్కన నిలబడింది.

"లోపలికి రావేం?"

"మామయ్య ఇప్పుడే వెళ్తూ చెప్పాడు. స్టూడియోకి రావద్దన్నాడు." నేల చూస్తూ నవ్వాడు. "రాసేటప్పుడే తెలుసులే."

"తెలిసీ ఎందుకు రాశావు?"

"నువ్వు గోడ వదులుకుంటానన్నావు. నేనేదో ఒకటి వదులుకోకపోతే, నీ పక్కన నిలబడ్డానికి మొహం ఉండదనిపించింది." ఈసారి తలెత్తాడు. "నాకు నువ్వంటే ఇష్టం. ఇది ఏ రకంగానూ దిద్దకుండా చెప్తున్నాను."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నిన్న ఎడమ అంచున కొత్త మచ్చ పుట్టింది. సోమవారం నుంచి స్టాండు కావాలి."

"ఎన్నాళ్లకి?"

"అది వెళ్లిపోతే ఇంకోటి పుడుతుంది. సూర్యుడి దగ్గర మచ్చలకి కరువా?"

"ఎవరే ఇతను?"

వెనక అమ్మ. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలియదు. ఇంకో రోజైతే ఆమె నేల చూసేది. ఇవాళ చూడలేదు.

"ఫోటో పాడుచేసినతను అమ్మా. ఆ కాగితం రాసిందీ ఇతనే. ఇప్పుడే ఉద్యోగం పోయింది. నాకు ఇష్టం. నువ్వు వద్దన్నా నాకు ఇష్టమే."

అమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. అతను చొక్కా సర్దుకున్నాడు. తర్వాత చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు.

"పాతికేళ్లయింది మా పెళ్లయి," అంది అమ్మ నెమ్మదిగా. "మీ నాన్న చేత ఒక్క తప్పు కూడా ఒప్పించలేకపోయాను. ఇతనెవరో ఏకంగా గోడకెక్కించాడు."

ఒక మెట్టు దిగి అతని భుజం తట్టింది.

"ఆదివారం ఇంటికి రా బాబూ. వచ్చేటప్పుడు అలాంటి కాగితం ఇంకోటి రాసి తీసుకురా. నీకు కాబోయే మామగారికి చదివి వినిపించాలి."