పాత గుంట మీద నీలి చుక్క

"మోటార్లు ఆపొద్దు! ఇంకో రెండడుగులు దిగితే అడుగు తేలుద్ది!"

రంగనాయకులు గట్టు మీద నుంచి అరిచాడు. గొంతు అప్పటికే పోయింది.

మూడు ఇంజన్లు రొయ్యల గుంటలోని నీళ్లను తోడుతున్నాయి. పొద్దుటి నుంచీ తోడుతూనే ఉన్నాయి. నడుములోతు బురదలో పాతిక మంది చేతులు పట్టుకుని వరసగా నడుస్తున్నారు. పాదం పైకెత్తకుండా, నేలకు రాస్తూ నడుస్తున్నారు.

వాళ్లు వెతుకుతున్నది మనిషిని. కళ్లతో కాదు, కాళ్లతో.

ఆశ ఎంత మిగిలిందో ఎవరూ పైకి అనడం లేదు.

ఎస్సై వాణి వాచీ చూసుకుంది. పదకొండు దాటింది. పులికాట్ సరస్సు మీద ఎండ తెల్లగా మండుతోంది. చుట్టుపక్కల చెట్టు లేదు, గుడిసె లేదు. ఉప్పు నేల, ఎండిన గుంటలు, ఒక కాలువ. అంతే.

వరసలో అందరికంటే ముందున్నది తిమోతి. గల్లంతైన జడ్సన్‌కు అక్క మొగుడు. రంగనాయకులు గుంటలన్నింటికీ సూపర్‌వైజర్. రాత్రి నుంచి నీళ్లలోంచి బయటికి రాలేదు. ఆల్చిప్పలు కోసుకుని అరచేతులు రక్తం కారుతున్నాయి.

"ఇట్టాంటి బావ ఎవురికి దొరుకుతాడే," అని గట్టు మీద ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

జడ్సన్ అక్క ఫ్లోరా మాత్రం ఏడవడం మానేసింది. ఫోన్ రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చుంది. వాణి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

"మళ్లీ మొదటి నుంచి చెప్పు ఫ్లోరా. లొకేషన్ ఎప్పుడు వచ్చింది?"

"నిన్న సాయంత్రం ఆరూ పన్నెండుకి మేడమ్. వాడు ఒంటిగా గట్ల మీద తిరిగే పని చేస్తాడు. యాడికి పోయినా నాకు లైవ్ లొకేషన్ పెడతాడు. అలవాటు."

"ఏం పని?"

"కెమెరాలు, వైఫైలు బిగిస్తాడు. గుంటల్లో గాలి ఆడించే ఏరేటర్లు రిపేరు చేస్తాడు."

"నువ్వు అప్పుడే చూశావా?"

"లేదు మేడమ్. చర్చిలో స్త్రీల కూటంలో ఉండినా. ఫోను సైలెంట్‌లో పెట్టినా. బయటికొచ్చి చూసేసరికి ఆరూ ఇరవైనాలుగు. లొకేషన్ కింద ఒక వాయిస్ కూడా ఉండింది. వాడు టైపు కొట్టడు. అంతా వాయిసే."

ఫ్లోరా వినిపించింది. ఆరు సెకన్లు. ఇంజన్ హోరు. దాని అడుగున ఎక్కడో, నీళ్లలో మునిగినట్టు, ఒకే మాట. "అక్కా..."

"పడవ ఇంజను," అన్నాడు వెనక నుంచి కానిస్టేబుల్ పెంచలకృష్ణ. "రాత్రి నుంచి అందరం అదే అనుకుంటా ఉండాం మేడమ్. కాలవలో పడవెక్కించి తెచ్చి ఈడ పడేసుంటారు."

వాణి ఫ్లోరా వైపే తిరిగింది. "చూడగానే ఏం చేశావు ఫ్లోరా?"

"వాడికి చేసినా. కవరేజ్ ఏరియాలో లేరు అంటా ఉండింది. మళ్లీ చేసినా. అదే మాట. వాట్సాప్‌లో మోగింది, ఎత్తలా. చుక్క మాత్రం ఈ గుంట మీదే ఉండింది. ఆరూ ముప్పై ఒకటికి అదీ పోయింది. అంతకు ముందే ఫొటో తీసి పెట్టుకున్నా."

"తర్వాత..."

"దొరికింది!" గుంటలోంచి కేక.

అందరూ లేచారు. తిమోతి చేతిలో ఒక చెప్పు. ఫ్లోరా గట్టు దిగి పరిగెత్తింది. బురద తుడిచి చూసింది.

ఆడవాళ్ల చెప్పు. ఏనాటిదో.

ఫ్లోరా తిరిగొచ్చి అదే చోట కూర్చుంది.

"జడ్సన్‌కు ఎవరితోనైనా గొడవ ఉందా?"

ఫ్లోరా గొంతు తగ్గించింది. "నిన్న మధ్యాన్నం అన్నానికొచ్చినాడు. సగం తిని లేచినాడు. 'తూమెత్తినోడు కెమెరాకి దొరికినాడక్కా' అన్నాడు."

ఆ మాట వాణికి ఇట్టే అర్థమైంది. రెండు నెలల కింద ఇదే గుంటకు తెల్లమచ్చ వైరస్ వచ్చింది. వైరస్ పట్టిన నీటికి బ్లీచింగ్ కొట్టి, కదలకుండా నిలబెట్టాలి. ఎవరో రాత్రికి రాత్రి తూము ఎత్తి నీళ్లను కాలువలోకి వదిలేశారు. ఆ కాలువ నీళ్లు తోడుకున్న ప్రతి గుంటలోనూ రొయ్య చచ్చింది. ఊరు ఊరంతా దెబ్బతింది. ఎత్తిన చెయ్యి ఎవరిదో ఇప్పటిదాకా తేలలేదు.

"ఎవరో చెప్పాడా?"

"అడిగినా. 'నీకు మాత్రం చెప్పనక్కా' అన్నాడు. ఆదివారం చర్చి ముందర అందరికీ ఒకేసారి చెప్తానన్నాడు."

వాణి చూపు రంగనాయకులు మీదికి వెళ్లింది. గుంట అతనిదే. గట్టు మీద ఊరివాళ్లు అతనికి దూరంగా నిలబడ్డారు. ఆ దూరం అతనికీ తెలుస్తోంది.

"ఫోన్‌ని నమ్ముకోని ఇంత గుంట తోడతా ఉండాం మేడమ్," పెంచలకృష్ణ గొణిగాడు. "మా బావ పెళ్లికి పోతా మ్యాప్ పెట్టుకున్నాడు. నేరుగా స్మశానానికి తీసకపోయింది. అక్షింతలు జేబులోనే ఉండిపోయినాయి."

"జడ్సన్ ఫోన్ సరిగ్గా పనిచేసేదా ఫ్లోరా?"

"పోయిన నెల దాకా లేదు మేడమ్. ఇంట్లో కూర్చుంటే సరస్సులో చూపించేది. ఫోన్ ఆపి మళ్లీ వేసినాడు. బ్యాటరీ సేవర్ తీసేసినాడు. మ్యాప్ యాప్‌ని పీకి మళ్లీ ఎక్కించినాడు. ఎవరో చెప్పినారని వాకిట్లో నిలబడి ఫోన్‌ని ఎనిమిది అంకె మాదిరి తిప్పినాడు. 'ఎవురికిరా దిష్టి తీస్తా ఉండావు' అని నవ్వినా." ఆమె కొంగుతో ఫోన్ తుడిచింది. "ఆఖరికి కవర్ లోపల ఇనప రేకు దొరికింది. బండి మీద అయస్కాంతానికి అతుక్కునేదానికి పెట్టినాడు. అది పీకేసినాక బాగయింది. గడప కాడ నిలబడితే గడపే చూపించింది."

"ఆ ఫొటో చూపించు."

వాణి చూసింది. పాత గుంట. మధ్యలో నీలి చుక్క. చుక్క చుట్టూ లేత నీలం వలయం. ఆ వలయం గుంటంతా కమ్మి, గట్లు దాటింది.

వాణి తన ఫోన్ తీసి అదే మ్యాప్ తెరిచింది. అదే గుంట. అదే ఆకాశం. ఆమె చుక్క చుట్టూ వలయం గాజంత కూడా లేదు. పైన చూసింది. టవర్ సిగ్నల్ నాలుగు గీతలు.

వాణి లేచి నిలబడింది.

"మోటార్లు ఆపండి."

"మేడమ్?"

"జడ్సన్ ఇక్కడ లేడు. ఇక్కడికి రానే లేదు."

ఇంజన్లు ఒక్కొక్కటిగా ఆగాయి. గుంటలో మనుషులు తలలెత్తారు.

"ఇక్కడ టవర్ నిండుగా ఉంది. ఇక్కడే ఉంటే ఫ్లోరా మామూలు కాల్ కలిసేది. కాల్ కలవలేదు, చుక్క మాత్రం వచ్చింది. అంటే టవర్ లేదు, నెట్ ఉంది. వైఫై. తానెక్కడుందో ఫోన్‌కు ఎంత తక్కువ తెలిస్తే వలయం అంత పెద్దది. ఆరుబయట ఉంటే చిన్నదై ఉండేది. ఇంత పెద్దదైందంటే ఫోన్‌కు ఆకాశం కనబడలేదు. పైన కప్పుంది. రేకుల కప్పు అనుకుంటున్నా. ఇక ఆ హోరు. పడవ ఇంజనైతే గాలికి చెదిరిపోతుంది. ఇది గోడకు కొట్టుకుని తిరిగొస్తోంది. రంగనాయకులుగారూ, టవర్ లేకుండా వైఫై ఉండి, రేకుల కింద ఇంజన్ ఉన్న చోటు ఏది?"

రంగనాయకులు ముఖం పాలిపోయింది.

"కొత్త గుంటల కాడ... మా జనరేటర్ గది."

జీపు ఎక్కేటప్పుడు తిమోతి నీళ్లలోంచి బయటికి వచ్చాడు. రాత్రి నుంచి అదే మొదటిసారి.

"నేనూ వస్తా మేడమ్," అన్నాడు.

కొత్త గుంటలు నాలుగు కిలోమీటర్ల దూరం. దారంతా ఫ్లోరా పెదవులు కదులుతూనే ఉన్నాయి. ప్రార్థన. వాణి ఆమె వైపు చూడలేకపోయింది. జనరేటర్ పొగ మూసిన గదిలో మనిషిని ఎంతసేపు బతకనిస్తుందో ఆమెకు తెలుసు.

రేకుల షెడ్డు. ఒక పక్క ఆఫీసు గది. గోడకు అవతల జనరేటర్ గది. తలుపుకు తాళం కప్ప.

తాళం తీసింది రంగనాయకులే. చెవి రెండుసార్లు జారింది.

జడ్సన్ తలుపు వెనకే ఉన్నాడు. గోడకు ఆనుకుని కూర్చుని, తల ఒక పక్కకు వాల్చి. నిద్రలో ఉన్నట్టు. పొగ విషానికి ముఖం ఎర్రగా ఉంది. చేతిలో ఫోన్. చార్జింగ్ అయిపోయింది.

ఫ్లోరా అరవలేదు. లోపలికి వెళ్లి తమ్ముడి తల సరిచేసి నిలబెట్టబోయింది. అది కదల్లేదు.

వాణి టోపీ తీసింది.

అరగంట తర్వాత ఆఫీసు గదిలో వాణి ముందు నలుగురు ఉన్నారు. రంగనాయకులు, తిమోతి, వాచ్‌మన్ మస్తానయ్య, ఫ్లోరా. తలుపు దగ్గర పెంచలకృష్ణ.

బల్ల మీద, జడ్సన్ పాత గుంట దగ్గర నుంచి విప్పి తెచ్చిన కెమెరా ఉంది. మెమరీ కార్డు పెట్టే చోటు ఖాళీ. జడ్సన్ జేబులోనూ కార్డు లేదు.

"మస్తానయ్యా, జనరేటర్ ఎవరు వేశారు?"

"ఎవురూ ఎయ్యరు తల్లీ. కరెంటు పోతే దానంతటదే లేస్తది. గాలి ఆడకపోతే రొయ్య చస్తది గదా. నిన్న ఆరు కొట్టంగానే పోయింది. రెండు గంటలు రాలా."

"నువ్వెక్కడున్నావు?"

"నేను తెప్ప మీద మేత చల్లతా ఉండినా. ఆ హోరులో గుండు పేలినా ఇనబడదు. పిల్లోడు తలుపు ఎంత కొట్టినాడో ఏమో..." ముసలాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"తాళం చెవులు ఎవరి దగ్గర?"

"నా కాడ ఒకటి," అన్నాడు రంగనాయకులు. "తిమోతి కాడ ఒకటి. ఇంకోటి ఈ మేకుకే ఉంటది."

"వేయడానికి చెవి అక్కర్లేదు. నొక్కితే పడుతుంది. మీరు నిన్న సాయంత్రం?"

"నెల్లూర్లో. ఇంట్లో. తూము ఎత్తింది నేనని కదా మీ అనుమానం? నా గుంటే మేడమ్, కానీ బ్లీచింగ్ కొట్టమనే చెప్పినా నేను, డబ్బు కూడా ఇచ్చినా."

"తిమోతీ, నువ్వు?"

"నాయుడుపేట మేడమ్. మేత లారీ కాడ."

వాణి తన ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది చూడండి. నా చుక్క ఎక్కడుంది?"

పెంచలకృష్ణ వంగి చూశాడు. "పాత గుంట మీద! మేడమ్, మనం ఈడుంటే..."

"ఫోన్ ఆపి మళ్లీ వేశాను. కవర్ తీశాను. సేవర్ తీశాను. ఎనిమిది అంకె కూడా తిప్పాను. మారలేదు. వాకిట్లోకి వెళ్తే సరిగ్గా చూపిస్తుంది. లోపలికొస్తే మళ్లీ పాత గుంటే. రేకుల కింద ఉపగ్రహాలు అందవు. టవర్ కూడా లేదు. అప్పుడు ఫోన్ చుట్టుపక్కల వైఫై ఏముందో చూసి, అది ఎక్కడిదో గుర్తు తెచ్చుకుంటుంది. ఈ గోడ మీది వైఫై డబ్బా ముందు ఎక్కడుండేది?"

రంగనాయకులు నెమ్మదిగా అన్నాడు. "పాత గుంట కాడ. వైరస్ వచ్చినాక పీకించినా. జడ్సనే తెచ్చి ఈడ బిగించినాడు."

"డబ్బా చోటు మారిందని మ్యాప్‌కు ఇంకా తెలియదు. తాను తెచ్చి పెట్టిన డబ్బాయే తన అక్కను నాలుగు కిలోమీటర్ల అవతలికి పంపుతుందని జడ్సన్‌కూ తెలియదు. రాత్రి నుంచి మనం అక్కడే వెతికాం."

ఫ్లోరా నేల వైపు చూస్తోంది.

"ఇది ఎవరి తప్పూ కాదు. కానీ ఆరూ ముప్పై ఒకటికి జరిగింది మాత్రం తప్పు కాదు, నేరం. ఆ నిమిషానికి చుక్క పోయింది. ఎందుకు?"

"అదే టైముకి నా ఫోన్లోనూ పోయింది మేడమ్," అన్నాడు రంగనాయకులు. "ఏరేటర్లు తిరుగుతా ఉండాయో లేదో నాకు ఇంట్లో కనబడుద్ది. కరెంటు పోయినా బాగానే ఉండింది. ఆరున్నరకి ఉన్నట్టుండి ఆగిపోయింది. పొద్దున వచ్చి చూస్తే వైఫై స్విచ్ ఆపేసి ఉండాది. నేనే వేసినా."

"జనరేటర్ నడుస్తూనే ఉంది. వైఫై ఒక్కటే ఆగింది. చేత్తో ఆపితే ఆగింది. ఆపిన మనిషి సరిగ్గా ఇక్కడ, ఈ గోడకు ఇవతల నిలబడ్డాడు. జడ్సన్ అవతల ఉన్నాడు. అప్పటికి ప్రాణంతో ఉన్నాడో లేదో డాక్టరు చెప్పాలి. ఇక్కడి నుంచి స్విచ్‌కు ఎంత దూరమో, ఆ తలుపుకూ అంతే దూరం."

వాణి ఆ తలుపు వైపు చెయ్యి చూపించింది.

"జడ్సన్‌ను లోపలికి నెట్టి, కార్డు లాక్కుని, తాళం నొక్కినప్పుడు బెదిరించడమే ఉద్దేశం కావచ్చు. కరెంటు పోతుందని ఎవరికి తెలుసు? కానీ స్విచ్ ఆపిన క్షణంలో మాత్రం అన్నీ తెలుసు. లోపలి నుంచి ఫోన్ చుక్క పంపుతోందని తెలుసు. ఎలా తెలిసింది? ఆ హోరులో వినబడదు. మూసిన తలుపులోంచి కనబడదు. ఆ చుక్క వచ్చింది లోకంలో ఒక్క ఫోన్‌కు."

వాణి ఫ్లోరా ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"గట్టు మీద నేనడిగాను. చెప్పు దొరికి మాట ఆగిపోయింది. ఇరవైనాలుక్కి చూశావు. తమ్ముడికి చేశావు, కలవలేదు. ముప్పై ఒకటిలోపు ఇంకెవరికి చేశావు?"

"నాకు ఏడు దాటినాక చేసింది," అన్నాడు రంగనాయకులు. మస్తానయ్య ఖాళీ చేతులు చూపించాడు. ఫోనే లేదు.

ఫ్లోరా తల ఎత్తలేదు.

"నేనే చెప్పినా మేడమ్. మామూలు కాల్ కలవక వాట్సాప్‌లో చేసినా. వాడు లొకేషన్ పెట్టినాడు, చుక్క ఇంకా ఉండాది, తొందరగా పో అని నేనే చెప్పినా. వెనక పెద్ద ఇంజన్ మోగతా ఉండింది. ఏందా శబ్దం అంటే, లారీ పక్కన ఉండానన్నాడు." ఆమె ఫోన్ బల్ల మీద బోర్లించింది. "నీకు మాత్రం చెప్పనక్కా అన్నాడు నా తమ్ముడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది."

"పేరు చెప్పమ్మా. నేను రాసుకోవాలి."

ఫ్లోరా తల ఎత్తింది. ఎదురుగా ఉన్న రక్తపు అరచేతుల వైపు చూసింది.

"నా మొగుడు," అంది. "తిమోతి."