పన్నెండున్నర అంకె

ఎనిమిది కొట్టకముందే నాగమణి నల్లరంగు పెట్టెను వాకిట్లోకి ఈడ్చింది. పైన అద్దం, లోపల థర్మామీటరు. బీడీల చాట ఒళ్ళో పెట్టుకున్న తల్లి గంగామణి ఆ అద్దం తళుక్కుమనగానే కేక పెట్టింది.

"నెత్తి మీద కొంగన్న కప్పుకోవే! ఎండదెబ్బ తాకితే దవాఖానకు ఎవలు మోస్తరు?"

"నువ్వున్నవు గద అవ్వా, పొద్దుందాక కావలి కాస్తనే ఉన్నవు."

హైదరాబాదు కాలేజీ సారు వేసవి సెలవుల్లో చెయ్యమన్న పరిశోధన ఇది. పెట్టె ఎండ వేడిని ఎంత పట్టి ఉంచుతుందో పదిహేను రోజులు అరగంటకోసారి రాయాలి. ఆ అంకెలు కుదిరితే బెంగళూరు అంతరిక్ష కేంద్రంలో నెల రోజులు పని నేర్పుతారు. ఉపగ్రహాలు కూడా ఎండతోనే నడుస్తాయట. కూతురు అంత దూరం పోతుందని విన్నప్పటి నుంచి గంగామణికి నిద్ర లేదు.

పద్నాలుగో రోజు అన్నం తిని వచ్చిన నాగమణి పెన్సిలు విసిరికొట్టింది.

"ఇయ్యాల గూడ గంతే! పన్నెండింటికి నూట ఎనిమిది డిగ్రీలు, పన్నెండున్నరకు అరవై రెండు. మబ్బు తునక లేదు. అద్దం మార్చిన, సందులకు మైనం పెట్టిన. ఇగ నాతోని కాదు. సారుకు రాస్త, బెంగళూరు నాకొద్దని."

గంగామణి కోరుకున్నది అదే. కాని పిల్ల నోటుబుక్కు కాగితం పర్రున చింపగానే చాట పక్కకు నెట్టి లేచింది.

"చింపకు బిడ్డా! పెట్టె తప్పు గాదు. నువ్వు బువ్వ తిన్నంతసేపు బీడీ ఆకు మీది తడిగోనె తీసి నేనే దాని మీద కప్పుతున్న. నువ్వు లేచేసరికి తీస్తున్న."

"ఏందీ! ఎందుకే?"

"గంత కాగుతుంటే పేలదా? నువ్వేమో మొకం తీస్కపోయి దాని మీదనే పెడ్తవు."

"పద్నాలుగు దినాలా!"

"పదమూడే. మొదటి దినం నువ్వు తినలే."

నాగమణి నెత్తి పట్టుకుని కూలబడింది. "పేలదని ఎన్నిసార్లు చెప్పిన అవ్వా?"

"నువ్వు చెప్పినవు. నా పానం ఇనలే."

నాగమణి లేచి చింపిన కాగితం ఏరుకుంది.

"నెలాఖరుకు ఇయ్యాలె. ఇంకా పదహారు దినాలున్నయి. మళ్ళ మొదలు పెట్టాలె."

"నువ్వు తినేటప్పుడు నేను జూస్త. మూడో తరగతి సదివిన, అంకెలు తెల్వయా?"

మర్నాడు పన్నెండున్నరకు గంగామణి ఊపిరి బిగబట్టి అద్దం మీదికి వంగింది. సెగ మొహాన కొట్టింది. ఇన్నాళ్ళూ పిల్ల ఓర్చుకున్నది ఈ సెగనేనా? చెమటా కన్నీళ్ళూ కలిసి కళ్ళు మసకబారితే తుడుచుకుని మళ్ళీ చూసింది. నూట పన్నెండు. వంకరటింకరగా రాసింది.

ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చిన నాగమణి ఆ అంకె చూసి తల్లి భుజం మీద వాలిపోయింది.

గంగామణి కూతురి తల మీదికి తన కొంగు లాగింది. "బెంగళూరుల గూడ గిట్లనే కప్పుకోవాలె. ఇంటున్నవా?"