చింతగింజల అబద్ధం

"సార్, మా పొరలన్నీ ఖరాబ్ చేసిన్రు! ఇది తనూజ పనే," అంది అభిజ్ఞ, డిటెక్టివ్ రామ్‌చందర్ ఇంకా మెట్లెక్కుతుండగానే. వెనకాలే అసిస్టెంటు మాన్య వచ్చింది. ఆయన ఏం చూస్తే ఆమె కూడా అదే చూస్తుంది.

కిషన్‌బాగ్‌లో ఆ ఇంటి మిద్దె గదే అభిజ్ఞ ప్రయోగశాల. అద్దకం కార్ఖానాల నీళ్లు వడగట్టే ప్లాస్టిక్ పొరలకు సహజమైన జిగురు పూత పూస్తే నీళ్లలోని రంగు పొరకే అంటుకుపోతుంది. నిన్న నీళ్లు తేటగా దిగాయి. ఇవాళ చూస్తే పొరల మీద పూతే లేదు! తాళంచెవులు రెండే. ఒకటి వంటింటి మేకుకు ఉంటుంది, రెండోది ప్రయోగాల్లో తోడుండే తనూజ దగ్గర. పొద్దున గల్లీలో అందరి ముందూ ఆమెను దొంగ అనేసింది అభిజ్ఞ.

"పూత దేనితోటమ్మా?"

అభిజ్ఞ గొంతు తగ్గించింది. "రొయ్య పెంకులు సార్. నాయిన గుడి పూజారి. తెలిస్తే లొల్లయితది. అమ్మకు చింతగింజల జిగురని చెప్పిన."

రామ్‌చందర్ పొరలు ఆరబెట్టిన ఇత్తడి తాంబాళం ఎత్తాడు. గదిలో మిగతా ఇత్తడంతా నల్లబడింది, అదొక్కటే తళతళలాడుతోంది. తూము జాలీలో గోధుమరంగు పీచు తగిలింది.

"అందరినీ పిలువు. కొంచెం చింతపండు రసం గూడ తెప్పియ్యి."

తల్లి లక్ష్మీకాంతమ్మ రసం తెచ్చింది. తనూజ వచ్చి గడప బయటే నిలబడింది. రామ్‌చందర్ అక్కడి డబ్బాలో మిగిలిన పూత ముక్క ఒకటి రసంలో ముంచాడు. కాసేపటికి పూత జారి కరిగిపోయింది.

"రొయ్య పెంకుల పూత పులుపుకు ఆగదు. చెడగొట్టేటోళ్లు తాంబాళం గిట్ల తోమిపోతరా? అమ్మా, మీరేనా?"

"నేనే నాయనా. నీచు వాసనొస్తే పిల్లి ముట్టిందేమోనని పొరలు, తాంబాళం అన్నీ చింతపండుతో కడిగిన. చింతగింజల జిగురుకు చింతపండు ఏం జేస్తదనుకున్న." ఆమె కూతురి వైపు తిరిగింది. "రొయ్యలా బిడ్డా?"

అభిజ్ఞకు అంతా అర్థమైంది. తన అబద్ధమే పూతను కరిగించింది, నింద మాత్రం తనూజకు అంటింది. "తప్పయింది తనూజా," అని గొణిగింది.

"గల్లీ ముంగట దొంగన్నవ్. గదిల గుసగుసగ చెప్తె ఎట్ల?"

అభిజ్ఞ మెట్లు దిగింది. గుడి నుంచి నాయిన అప్పుడే వస్తున్నాడు. అరుగుల మీద జనం చూస్తున్నారు.

"తనూజ దొంగ గాదు!" అని అరిచింది. "అవి రొయ్య పెంకులు. అబద్ధం చెప్పింది నేను."