డాబా మీద టమాటా మొక్కలు పీకిందెవరు?

కుండీలన్నీ ఖాళీ.

నిన్నటిదాకా కాయలతో వంగిన టమాటా మొక్కలు వేళ్ళతో సహా మాయం. ఊతకర్రలు మాత్రం ఉన్నాయి.

"మీ బావ పోయేముందు తన చేత్తో నాటినవే. చలి ముదిరేలోగా ఆ చివరి కాయలు పండితే చాలనుకున్నాను" అంది అక్క, కళ్ళొత్తుకుంటూ.

చెల్లెలు ఎస్సై. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చింది. నిజానికి చేయకూడని పని అప్పటికే ఒకటి చేసేసింది. జీపు దిగీ దిగకముందే, అక్క ఫోన్లో చెప్పిన మాట పట్టుకుని, వెనక పోర్షన్‌లో అద్దెకుండే టైలరమ్మాయిని గేటు దగ్గర నిలబెట్టి కడిగేసింది. బట్టలారేసుకోవడానికి అడ్డమొస్తున్నాయని పొద్దున ఆ పిల్ల విసుక్కుందట. అంతే సాక్ష్యం! సాయంత్రానికి ఇల్లు ఖాళీ చేయమని అక్క హుకుం. వీధి వీధంతా చూసింది.

ఇప్పుడు తీరిగ్గా క్లూలు వెతుకుతోంది ఎస్సై. ముందు చూసి తర్వాత అరవాలని ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదా? చెప్పారు. మనసు చివుక్కుమంది.

వాటర్ ట్యాంకు వెనక ప్లాస్టిక్ గోతం. మూతి గట్టిగా బిగించి ఉంది.

విప్పింది. మొక్కలన్నీ అందులోనే. మచ్చలు పడ్డ కాయలూ ఉన్నాయి. మచ్చలేని కాయ ఒక్కటీ లేదు.

కోపంతో పీకినవాడు కాయలు ఏరుతాడా? గోతం మూతి కడతాడా?

ఒక కాండాన్ని చీల్చింది. లోపల గోధుమరంగు చార. పైన కొస కత్తిరించిన గాటు.

"అక్కా, కొసలు ఎవరు కత్తిరించారు?"

"మా మరిది. పోయినవారం. కొసలు తీసేస్తే బలమంతా ఉన్న కాయలకే పడుతుందట."

"కత్తెర ఎవరిది?"

"తనదే."

పది నిమిషాల్లో హాల్లో అందరూ చేరారు. అక్క, పక్క పోర్షన్‌లో ఉండే మరిది, గుమ్మం బయటే ఆగిపోయిన టైలరమ్మాయి. మరిది మెడికల్ షాపులో పనిచేస్తాడు. ఎస్సై అతని కత్తెరను బల్లమీద పెట్టింది. గుప్పున స్పిరిట్ వాసన.

"ఎప్పుడు కడిగారు?"

"ఇవాళే."

"మీ బాల్కనీలో రెండు టమాటా మొక్కలుండాలే?"

"ఎండిపోయాయి."

"ఎప్పుడు?"

అతను కత్తెరను పక్కకు జరిపాడు.

"మీ మొక్కల తెగులు కత్తెరతో పాటు ఇక్కడికొచ్చింది. కడగాల్సింది ఇవాళ కాదు, అక్క మొక్కల్ని ముట్టుకోకముందు. మంచి కాయలెక్కడ?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నా బీరువాలో. తెగులు అన్ని కాయలకూ పాకేలోగా మొక్కలు పీకేసి, మంచివి కాగితాల్లో చుట్టి, అరటిపండు పక్కన పెట్టాను. తొందరగా పండుతాయని. పండాక తెచ్చిచ్చి వదినకు అన్నీ చెబుదామనుకున్నాను. కత్తెర తుడవకుండా మొక్కను ముట్టుకోకురా అని అన్నయ్య చెవినిల్లు కట్టుకుని పోరేవాడు. ఆయన మిగిల్చినవాటిని నా చేత్తోనే చంపేశాను వదినా."

అక్క మరిది వంక తిరిగింది.

"మొక్కలు ఎలాగూ నెలలో పోయేవే. కానీ ఈ పిల్లను అంతంత మాటలంటుంటే ఎలా ఊరుకున్నావయ్యా?"

"నోరు రాలేదు."

"నాకేమో నోరు ఆగలేదు" అంది అక్క. గుమ్మం దాకా వెళ్ళి టైలరమ్మాయి చేయి పట్టుకుంది. "తప్పయిపోయిందమ్మా. సామాను సర్దకు."

ఆ పిల్ల చేయి విడిపించుకోలేదు. తల కూడా ఊపలేదు.

"ఇంట్లో ఉండమంటే ఉంటానండీ. కానీ పనెవరిస్తారు? మేడం గేటు దగ్గర దొంగా అని అరిచాక ఎదురింటావిడ వచ్చి, కుట్టడానికిచ్చిన బట్టలన్నీ పట్టుకుపోయింది. మొన్నే మిషన్ కొనుక్కున్నాను."

ఎస్సైకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కేసు తేలింది. తేలి ఎవరికి లాభం?

"పద" అంది.

"ఎక్కడికండీ?"

"ఎదురింటికి. తర్వాత ఆ పక్కింటికి. నీ దగ్గర కుట్టించుకునే ప్రతి ఇంటికీ."

యూనిఫాంలోనే రోడ్డు దాటి బెల్లు కొట్టింది. తలుపు తీసినావిడ జంకుతూ వెనక్కి తగ్గింది.

"ఈ అమ్మాయి ఏ తప్పూ చేయలేదండీ" అంది ఎస్సై, వీధంతా వినపడేలా. "చేసింది నేను."